చెల్లమ్మ మొక్కు కుండ

లెస్కాలియే ఎస్టేటు కూలీల లైన్లలో చెల్లమ్మ నోటికి జడవని మగాడు లేడు. చెరుకుతోటలో కలుపు తీసే ఆడవాళ్ళ వరసలో మొదటి సాలు ఆమెది. సర్దారు ఎవరిమీద కేకలేసినా, వంచిన నడుం వంచినట్టే ఉంచి, తల తిప్పకుండా జవాబిచ్చేది. అమ్మా నాన్నా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చారు. తను మాత్రం ఇక్కడే, ఎస్టేటు గడ్డికప్పు కిందే పుట్టింది. బయటివాళ్ళతో దీవి భాష క్రెయోల్ మాట్లాడేది, భోజ్‌పురీ ఆడవాళ్ళతో వాళ్ళ భాషలోనే దెబ్బలాడేది. దేవుడి పాటలూ తిట్లూ మాత్రం అచ్చ తెలుగు. అమ్మ దగ్గర నేర్చుకున్నవి ఆ రెండే. రెండూ గట్టిగానే నేర్చుకుంది.

పందొమ్మిది వందల పందొమ్మిదిలో దేశమంతా జ్వరాలు పడ్డాయి. లైన్లలో పొద్దున్న కూలికి పోయినవాడు సాయంత్రానికి మంచం ఎక్కేవాడు, మంచం ఎక్కినవాడిని నలుగురు మోసేవాళ్ళు. చెల్లమ్మ కూతురు వసంతి కళ్ళు తేలేసిన రాత్రి, చెల్లమ్మ గుమ్మంలో నిలబడి గుడి వైపు చూసి అరిచినంత పని చేసింది: "తల్లీ, నా గుంట లేచి కూకుంటే పై పండక్కి కొత్త మట్టికుండలో పెరుగన్నం నెత్తినెట్టుకుని నీ కాడికొత్తాను. లేవకపోతే నీ గుడి గడప తొక్కను." మొక్కులాగా లేదు, బెదిరింపులాగా ఉంది. తెల్లారాక పిల్ల లేచి గంజి అడిగింది.

అమ్మోరు తన మాట నిలబెట్టుకుంది. ఇక చెల్లమ్మ వంతు.

ఆ మొక్కుకి ఒక పద్ధతుంది. కుండ కొత్తదై ఉండాలి. నైవేద్యం పెట్టి, అన్నం పంచేశాక, ఆ కుండ ఇంటికి తిరిగి రాకూడదు. పొలిమేర రాయి దగ్గర పగలగొట్టి వెనక్కి చూడకుండా వచ్చేయాలి. పూర్వం లైన్లలో ఒక ముసలి కుమ్మరి ఉండేవాడు, ఆయనతో పాటే ఆ పనీ పోయింది. తర్వాత ఎస్టేటు గేటు దగ్గర నారాయణస్వామి కొట్టు పెట్టాడు. ఒకప్పుడు సర్దారు, ఇప్పుడు కొట్టుకీ గుడికీ కూడా పెద్ద. చుట్టుపక్కల వేరే కొట్టు లేదు, ఎస్టేటువాళ్ళు రానివ్వలేదు. ఉప్పు కావాలన్నా ఊపిరి కావాలన్నా అతని దగ్గరికే పోవాలి. అతను పోర్ట్ లూయీ పట్నం నుంచి నీలిపువ్వులు వేసిన ఎనామిల్ రేకు కుండలు తెప్పించి, పండక్కి అవే కొనమన్నాడు. రేకు పగలదు కదా. ఆడవాళ్ళు ఆ కుండల్ని రాయి దగ్గర వదిలేసి వచ్చేవాళ్ళు. వదిలేసినవి ఏమవుతున్నాయని ఎవరూ అడగలేదు.

పండగ దగ్గరపడుతుంటే చెల్లమ్మ మట్టికుండ తెప్పించమని చెప్పడానికి కొట్టుకెళ్ళింది. అరుగుమీద రేకు కుండలు బోర్లించి ఉన్నాయి. ఒకదాని అంచున పూత లేచిపోయి, చిక్కుడుగింజంత నల్లమచ్చ. చెల్లమ్మ చెయ్యి దానిమీదే ఆగిపోయింది. జ్వరాలకి ముందటి పండక్కి తను కొన్న కుండ అది. వసంతి గుమ్మం మీద పడేస్తే పూత లేచింది. తన చేతులతో అమ్మోరికి వదిలేసిన కుండ.

"ఇది నాది," అంది.

"కొంటే నీదే," అన్నాడు నారాయణస్వామి.

"అమ్మోరికిచ్చిన కుండ మళ్ళీ తెచ్చి అమ్ముతున్నావా?"

కొట్లో నలుగురున్నారు. నారాయణస్వామి వాళ్ళ వైపు చూసి నవ్వాడు. "అమ్మోరు రేకు తింటాదేటే? అన్నం తింటాది. కుండ మిగిలిపోద్ది. మిగిలింది పారేస్తే పాపం కాదేటి?"

నలుగురూ నవ్వారు. చెల్లమ్మకి అసలు మంట ఆ నవ్వు దగ్గర పుట్టింది. వాళ్ళ ఆడవాళ్ళు మోసిన కుండలు కూడా ఆ వరసలోనే ఉన్నాయి మరి.

పూజారి ఆంజనేయులు దగ్గరికి వెళ్ళింది. ఆయన గుడి కప్పు వైపు ఒకసారి చూశాడు. కొత్తరేకులు, నారాయణస్వామి వేయించినవి. "మనసు ముఖ్యం చెల్లమ్మా, కుండ ఏదైతేనేం," అన్నాడు.

"మనసే సాలితే కుండెందుకు పంతులుగారూ? ఉత్తి సేతుల్తో రమ్మని సెప్పండి అందర్నీ. ఆడి కొట్టు మూసుకుంటాడు."

ఆయన దగ్గాడు. కొట్టువాడికి కోపం వస్తుందనుకుంటే పూజారికి దగ్గు వస్తుంది. ఇది లోకమంతా ఉన్న జబ్బే.

ఇంట్లో మొగుడు పెంటయ్య కూడా, "పోనీలేయే, ఊరందరికీ లేనిది నీకేటి," అన్నాడు. పక్కగది రత్నమ్మ ఒక్కతే, "మోకా ఊళ్ళో ఒక చీనావాడి కొట్లో మట్టి జాడీలున్నాయని మా అల్లుడు సెప్పాడే," అంది. చెల్లమ్మ పిల్లని ఆమె దగ్గర వదిలి, తెల్లారకుండానే రోజ్‌బెల్ రైలుకి నడిచింది.

రోజ్‌బెల్ దాకా ఎప్పుడూ పోని మనిషి. స్టేషను పక్కనే ఒక గుడిసె కనబడింది, లోపలా బయటా తాళ్ళే. కలబంద నారతో పేనిన పగ్గాలు, ఉట్లు, మోకులు. ఇంకేమీ లేదు. ఉప్పు లేదు, నూనె లేదు. మొగుడూ పెళ్ళామూ చెరో కొస పట్టుకుని పేనుతున్నారు.

"ఒట్టి తాళ్ళేనా అమ్ముతారు?" అని అడిగింది క్రెయోల్లో.

"ఒట్టి తాళ్ళే. దేన్ని కట్టడానికి?"

"కుండని."

"కుండేదీ?"

"ఇంకా దొరకలేదు."

అతను పగలబడి నవ్వాడు. "ముందు తాడు కొనే ఆడదాన్ని నిన్నే చూశాను. ఏమే, ఈమెకి గట్టిది ఇవ్వు, దొరికిన కుండ పారిపోకుండా!" ఆ నవ్వుకి మాత్రం చెల్లమ్మకి మండలేదు. అతను ఎక్కడుంటావని అడగలేదు, ఎవరి మనిషివని అడగలేదు. తాడు ఇచ్చాడు, అయిపోయింది. కొట్టంటే ఇంతేనా? మరి మా ఊళ్ళో అరుగు ముందు చేతులు కట్టుకుని ఎందుకు నిలబడుతున్నాం? రైలెక్కాక కూడా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఎదురుగా కూర్చున్నవాడు ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి కిటికీ వైపు తిరిగాడు.

మోకా ఊళ్ళో చీనా ఆయన కొట్టు దొరికింది. చీకటిగా, ఎండుచేప వాసనతో, నేల నుంచి కప్పుదాకా జాడీలు. కొన్ని చెల్లమ్మ నడుం దాకా ఉన్నాయి. ముసలాయన ఒక్కొక్క మూత తీసి వాసన చూపించాడు: ఊరేసిన ఆవాకు, ఉప్పులో నానిన గుడ్లు, నల్లటి పులుసు. ఒకదానికి ఆమె ముక్కు మూసుకుంటే ఆయనకి భలే సంతోషం. "ఇది మంచిది. అందరూ తినలేరు," అన్నాడు.

"ఖాళీది కావాలి. కొత్తది. ఏమీ పెట్టనిది."

"ఖాళీ జాడీ ఓడలో ఎవడు పంపుతాడమ్మా? అన్నీ నిండుగానే వస్తాయి. కడిగిస్తాను."

"కడిగితే నా ముక్కుకి తెలవదు. అమ్మోరి ముక్కుకి తెలుస్తాది."

ఆయన వాదించలేదు. తనకీ ఇంట్లో దేవుడున్నాడని, ఆయనకీ పాతగిన్నెలో పెట్టనని అన్నాడు. కొట్టు బయటికి వచ్చి, కొండవైపు దొర బంగళా వరండా చూపించాడు. ఎర్రమట్టి కుండీల్లో గులాబీలు. "అవి చీనావి కావు. టేర్ రూజ్‌లో ఒకడు చేస్తాడు. స్టేషను దిగి పొగ కనిపించే వైపు వెళ్ళు. మనిషి మాత్రం కోపిష్ఠి."

"అయితే సరిపోతాం," అంది చెల్లమ్మ.

ఉన్న సరుకు అమ్ముకోకుండా ఇంకొకడి కొట్టుకి దారి చూపించినవాణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు. నారాయణస్వామి అయితే ఆ కుళ్ళు జాడీనే అమ్మోరు పంపిందని చెప్పి అంటగట్టేవాడు.

పోర్ట్ లూయీలో బండి మారి, టేర్ రూజ్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఏటి మొగ దగ్గర నీటిపిట్టల గోల. పొగ కనిపించింది. దాని కింద కొట్టు, కొట్టు వెనక కుండలు కాల్చే ఆవం. వరసలు వరసలుగా ఎర్రటి కుండలు! చెల్లమ్మ ఒకటి రెండు చేతుల్తో ఎత్తి, అమ్మోరి పేరు తలుచుకుని, పైకి పట్టి చూసింది.

అడుగున కన్నంలోంచి ఆకాశం కనిపించింది.

ఇంకొకటి ఎత్తింది. కన్నం. ఇంకొకటి. కన్నం.

తెలుగువాళ్ళకి కన్నం పడ్డ కుండ కనిపించేది ఒక్కచోటే. చితి చుట్టూ తిరిగేటప్పుడు భుజాన నీళ్ళకుండకి కన్నం పొడుస్తారు. బతికిన పిల్ల కోసం మొక్కిన మొక్కు! దానికి చావుకుండా? చెల్లమ్మ చేతిలో కుండని దూరంగా పెట్టేసింది.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అని అరిచింది. "ఊరందర్నీ సంపడానికి సేత్తున్నావా ఇవి?"

లోపలినుంచి మట్టిచేతులతో ఒక క్రెయోల్ ముసలాయన వచ్చాడు. అందరూ తోంతోన్ ఎవారిస్ట్ అంటారు, ఎవారిస్ట్ బాబాయి అన్నమాట. ఆమె తెలుగు తిట్లు ఆయనకి అర్థం కాలేదు, తిట్లని మాత్రం అర్థమైంది. "కన్నం లేకపోతే నీళ్ళు నిలిచి మొక్క కుళ్ళిపోతుంది! నీకు పూలు పెంచడం రాకపోతే నామీద అరుస్తావేం?"

"నేను పూలు పెంచను. కన్నం లేనిది ఒకటి చెయ్యి."

"చేస్తాను. ఆరాలి, కాలాలి. పై నెల రా."

పండగ ఎల్లుండి. చెల్లమ్మ గిర్రున తిరిగి బయటికి నడిచింది. పెరటి కంచె పక్కన వంకరపోయిన కుండల పోగు ఉంది. ఒకదాంట్లో కోడి పొదుగుతోంది. దాని పక్కది మూతి ఓ పక్కకి లాగేసి, పక్షవాతం వచ్చిన ముఖంలా ఉంది. కోపంలోనే దాన్ని ఎత్తి చూసింది. చీకటి. కన్నం లేదు.

"అది పెట్టెయ్!" ముసలాయన పరిగెత్తుకొచ్చాడు. "అది చెడిపోయింది. ఆరేటప్పుడే వంకరపోతే కన్నం పెట్టను, దండగ. ఆవంలో మూల ఖాళీగా ఉంటే తోసేస్తాను. అవి పగలగొట్టడానికి."

"ఇదే కావాలి."

"ఇవ్వను. వంకరకుండ నా కొట్టు గేటు దాటలేదు. ఎవరైనా చూస్తే ఎవారిస్ట్ చేతులు వణుకుతున్నాయంటారు."

"దీన్నేం చేస్తావు?"

"చెప్పానుగా. పగలగొడతాను."

"నేనూ అదే చేస్తాను," అంది చెల్లమ్మ. "మా అమ్మోరికి అన్నం పెట్టి, ఊరి చివర రాయికేసి కొడతాను. ఒక్క పెంకు కూడా ఎవడికీ దొరకదు. నువ్వు పగలగొట్టినా పగలడమే, నేను పగలగొట్టినా పగలడమే. నీకు పోయిందేమిటి?"

ముసలాయన ఆ వంకరమూతిని వేలితో తడిమాడు. "రాయికేసి?"

"రాయికేసి."

"గట్టిగా కొట్టు," అని కుండ లోపల అరచేత్తో తుడిచి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. చెడిపోయిన సరుకుకి డబ్బు తీసుకోవడం కూడా పరువు తక్కువే అన్నాడు. ఆమె తాడుతో ఉట్టిలా కట్టుకుంటుంటే ముడి సరిగ్గా లేదని తిట్టి, తనే విప్పి మళ్ళీ కట్టాడు.

పండగనాడు ఆడవాళ్ళ వరస కదిలింది. నెత్తిన నీలిపువ్వుల రేకు, వెనక ఇంకో నీలిపువ్వుల రేకు. మధ్యలో చెల్లమ్మ పసుపు రాసి, వేపాకు చుట్టిన ఎర్రకుండతో. వంకరకుండ నెత్తిన సరిగ్గా నిలవక మెడ నొప్పెడుతోంది. వసంతి కొంగు పట్టుకుని పక్కనే నడుస్తోంది.

గుడి గుమ్మంలో నారాయణస్వామి అడ్డం నిలబడ్డాడు. "ఏటే ఇది? దొరల పూలకుండీ! మూతి సూడు, అమ్మోరు జడుసుకుంటాది. పక్కకెళ్ళు, ఆఖర్న రా."

చెల్లమ్మ ఆగింది. వరస మొత్తం ఆగింది. "ఇది నీ కొట్లోది కాదని నీ కడుపుమంట. తప్పుకో. తప్పుకోకపోతే ఇక్కడే నీ కాళ్ళమీద పగలగొట్టి, ఈ కుండ ఎక్కడికెళ్ళిందో, ఆ రేకు కుండలు ఏ కొట్టుకెళ్తున్నాయో అమ్మోరికి ఇనపడేలా సెప్తాను. సెప్పమంటావా?"

ఆంజనేయులు లోపలినుంచి, "రానివ్వండి, రానివ్వండి, వేళ మించిపోతోంది," అన్నాడు. ఈసారి దగ్గలేదు.

నైవేద్యం అయింది. అన్నం పంచారు. పొలిమేర రాయి దగ్గర చెల్లమ్మ కుండని రెండు చేతులా ఎత్తి కొట్టింది. ఆ ముక్కల్లో పెద్దదాన్ని మళ్ళీ తీసి మళ్ళీ కొట్టింది. వెనక కొట్టు బండి అప్పుడే వచ్చి నిలబడి ఉంది, రేకు కుండలు ఎక్కించుకోవడానికి. ఇన్నేళ్ళూ వెనక్కి చూడకూడదన్న మాట ఆ బండికే పనికొచ్చింది. ఈసారి చెల్లమ్మ వెనక్కి తిరిగి చూసింది, అందర్నీ చూడమంది. రత్నమ్మ తన రేకు కుండ దించి, రాయి తీసుకుని, పూత రాలిపోయి అడుగు చీలేదాకా బాదింది. తక్కినవాళ్ళు తలలు దించుకుని తమ కుండలు వదిలేసి వెళ్ళిపోయారు. వాళ్ళని చూసి చెల్లమ్మకి ఏడుపొచ్చింది. జాలితో కాదు.

మర్నాడు కొట్లో, "నీకు సరుకు లేదు. రత్నమ్మకీ లేదు," అన్నాడు నారాయణస్వామి.

చెల్లమ్మ ఇంటికొచ్చి గంప తీసుకుంది. "ఉప్పుకోసం రోజ్‌బెల్ దాకా నడుస్తావేటే?" అన్నాడు పెంటయ్య.

"నడుత్తాను. ఆ పక్కూళ్ళో అడిగినదానికి సరుకిస్తారు, మొహం సూసి ఇవ్వరు. నువ్వొత్తావా, కొట్టోడి అరుగుమీద కూకుంటావా?"

పెంటయ్య గొణుక్కుంటూనే రెండో గంప ఎత్తాడు.

అంతలో పెరటి సందులోంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. కొంగుల కింద నూనె సీసాలు. "మాకూ తెచ్చిపెట్టవే, ఆ కొట్టోడికి తెలీకుండా," అన్నారు గుసగుసగా.

"పెరట్లోంచి వచ్చినోళ్ళకి తేను," అంది చెల్లమ్మ. "ముందు గుమ్మంలోకి రండి. కొట్టుకి కనబడేలా ఇవ్వండి."

ఇద్దరు సీసాలు కొంగులో దాచుకుని వెళ్ళిపోయారు. మూడో ఆవిడ రుక్మిణి. కాసేపు గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత ఇల్లు చుట్టి, ముందు గుమ్మం దగ్గరికి వచ్చి, గేటు దగ్గరి కొట్టు వైపు ముఖం పెట్టి సీసా చాచింది.