అప్ప చూడని నాటకాలు

నాటకాల్లో పేరు నాకు మా శ్రీకాకుళం జిల్లాలోనే వచ్చింది. సినిమా పేరు మద్రాసు ఇచ్చింది. అందరూ రెండోదాని గురించే అడుగుతారు. నాకు మాత్రం మొదటిదాని మీదే బెంగ.

కళింగపట్నంలో, మా సొంత ఊళ్ళో నేను వేషం కడితే, నన్ను పెంచిన మా అప్ప, అంటే మా అక్క, వచ్చి చూసేది కాదు. మా ఇళ్ళ ఆడవాళ్ళు నాటకాల పందిరికి వెళ్ళడం అప్పట్లో తప్పు. పెరట్లో నులకమంచం వేసుకుని, మైకులోంచి వచ్చే పద్యాలు వినేది. సముద్రం గాలి ఇటు తిరిగితే ఆమెకు పండగ, అటు తిరిగితే ఆ గాలికి తిట్లు. జనం ‘వన్స్ మోర్’ అని అరిచారంటే హార్మోనియం ఆయన మళ్ళీ శ్రుతి అందుకునేవాడు. నేను పద్యం మొదటినుంచీ ఎత్తుకునేవాణ్ణి. ఎదుట శత్రువు కత్తి ఎత్తి నిలబడ్డా సరే, వాడు ఆగాల్సిందే.

తెల్లారి ముఖాన రంగు కడుక్కోకముందే అప్ప అనేది, "ఆఖరి పద్యంలో గొంతు జీరపోనాదిరా. మిరియాల కషాయం తాగు."

నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి మరొకరు లేరు.

అరవైల చివర్లో నాకు పెద్ద వేషం దొరికిన సినిమా శ్రీకాకుళంలో ఆడింది. సినిమాకైతే ఆడవాళ్ళు వెళ్ళొచ్చట, ఆ న్యాయమేమిటో నాకిప్పటికీ తెలీదు. అప్పను మ్యాట్నీకి తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళూ విన్నది చాలు, ఇవాళ నన్ను కళ్ళారా చూసి మురిసిపోవాలి. నా కోరికంతా అదే. పేర్లు పడినప్పట్నుంచి ఆమె నా మోచెయ్యి వదల్లేదు.

పద్యం వచ్చింది. తెర మీద కిరీటంతో నేను. నేల టిక్కెట్టు వాళ్ళంతా లేచి ‘వన్స్ మోర్’ అని కేకలు. బొమ్మ ఆగుతుందా? తోటలో చెలికత్తెలు బంతులాట మొదలుపెట్టారు.

"జనం అడుగుతన్నారు కదరా, మళ్ళీ పాడించరేటి?"

"సినిమా అప్పా, ఆగదు."

బంతులాట అయ్యేదాకా చూసింది. "మరి నువ్వెప్పుడు పాడతావురా?"

"ఇందాక అయిపోయింది అప్పా. మాటలు నావే. పద్యం ఇంకొకాయన పాడాడు. సినిమాల్లో అంతే."

అప్ప నా మోచెయ్యి వదిలేసింది. కోపం వచ్చిందనుకున్నాను. తెర వైపే చూస్తూ మెల్లగా అంది.

"బాగా పాడినాడు బాబు. ఆయనకీ ఓ అప్ప ఉంటాది కదా. పాపం, ఆవిడకి తమ్ముడి గొంతు ఇనిపిస్తాది, మొకం కానరాదు. నాకు మొకం కనిపిస్తన్నాది."

అక్కడికక్కడే లేచి, ఆమె కోసం ఆ పద్యం ఎత్తుకోవాలనిపించింది. ఎంతగా అనిపించిందో చెప్పలేను. తెర మీద నేను సభలో నిలబడి ఏదో గట్టిగా మాట్లాడుతున్నాను. కుర్చీలో నేను నోరు విప్పలేకపోయాను.