ఇంజన్ తగిలించని రైలు

ఈ సంగతి నేను రాయక తప్పదు. మా మేనమామ ప్రతి పెళ్లిలోనూ దీన్ని చెబుతాడు, చెప్పినప్పుడల్లా కొంత పెంచుతాడు. మొన్న నందికొట్కూరులో భోజనాల దగ్గర, నేను స్టేషన్ మాస్టరుకు 'రైలింజన్ పోయింది, వెతికించండి' అని అర్జీ రాసిచ్చానని చెప్పాడు. అది శుద్ధ అబద్ధం. అర్జీ రాయలేదు. (నోటితో అడిగాను, అంతే.)

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదని నా నమ్మకం. పదో తరగతితో బడి ముగిసింది, మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. అక్కడ అట్ట ఊడిన రైళ్ల పుస్తకం ఒకటుండేది. దాన్ని మూడుసార్లు చదివాను. మా ఊరికి రైలు లేదు. కాబట్టి రైళ్ల విషయంలో మా ఊళ్లో నన్ను కాదనేవాడూ లేడు. హైదరాబాదు అవతల లింగంపల్లి దగ్గర ఒక గోడౌనులో గుమాస్తా పనికి రమ్మని కాగితం వచ్చినప్పుడు, "పది గంటలు దాటితే లోపలికి రానివ్వరంట, నేనూ వస్తాపా" అని మామ బయలుదేరాడు. మామకు చదువు రాదు. భుజం మీద టవలు తప్ప సామాను కూడా లేదు. నా సర్టిఫికెట్ల సంచి ఆయనే పట్టుకున్నాడు, నేను ఎక్కడైనా చదువుకుంటూ మరిచిపోతానని.

పొద్దున్నే సికింద్రాబాదు స్టేషన్లో లోకల్ రైలు ఆగి ఉంది. మామ ఎక్కి, పక్క సీటు మీద నాకోసం టవలు పరిచాడు. నేను ఎక్కలేదు. ముందుకు నడిచి చూశాను, ఇంజన్ లేదు. చదునైన మొహంతో ఒక పెట్టె. వెనక్కి నడిచి చూశాను, అక్కడా అదే మొహం. ఏది ముందో, ఏది వెనకో అంతుపట్టలేదు.

"రారప్పా, జనం ఎక్కుతాండారు," అన్నాడు మామ కిటికీలోంచి.

"తొందరేం ల్యా మామా. ఇంకా ఇంజన్ తగిలించల్ల, బ్రేకులు చూడల్ల, జెండా ఊపల్ల. ఇరవై నిమిషాలు." (పుస్తకంలో నలభై రెండో పేజీ.) "నేను నీళ్లు పట్టుకొస్తా."

సీసా సగం నిండేసరికి రైలు కదిలింది. నేను కదల్లేదు. ఇంజన్ ఉన్న చోటికి పెట్టెల్ని తోసుకుపోతున్నారని పక్కనున్న టీ అమ్మే అతనికి వివరించాను కూడా. తోసేది ఎవరని అతను అడగలేదు, నాకూ తట్టలేదు.

"అల్లుడా! పోతాండాదిరా! ఎక్కురా!" మామ తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు.

"భయపడాకు మామా, మళ్లీ ఈడికే వస్తాది!" అని చెయ్యి ఊపాను.

రాలేదు. సంచి మామ దగ్గర, రెండు టికెట్లూ నా జేబులో. దిగాల్సిన స్టేషన్ పేరు కూడా ఆయనకు చెప్పలేదు, పక్కన నేనుంటాను కదా అని. స్టేషన్ మాస్టరు గదికి పోయి అడిగింది అప్పుడే. ఆయన నన్ను ఎగాదిగా చూసి తలుపు వైపు వేలు చూపించాడు. చివరికి టీ అన్నే జాలిపడ్డాడు. "ఇంజనేందన్నా? అది డబ్బాల కిందనే ఉంటది. ముంగట డ్రైవరు, ఎన్క గార్డు. ఆఖరుకు పోయినంక జాగాలు మార్చుకుంటరు."

అది విన్నాక నా అయోమయం ఇంకా పెరిగింది. ఇంకో రైలొచ్చి ఆగింది. డ్రైవరు సంచి తగిలించుకుని దిగి, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్లాడు. రైలు తిరగలేదు, మనిషి తిరిగాడు! ఈసారి మాత్రం ఏమీ ఆలోచించకుండా ఎక్కేశాను. దారి పొడవునా ప్రతి ప్లాట్‌ఫారం మీదా మామ కోసం చూశాను, ఎక్కడా లేడు.

కాగితాలు లేకుండా ఆ గోడౌనుకు ఎందుకు పరుగెత్తానో ఇప్పటికీ చెప్పలేను. పది కావడానికి ఐదు నిమిషాలుంది. గేటు లోపల బెంచీ మీద మామ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో సంచి, పక్కన టవలు పరిచి ఉంది.

"కూసో. పిలిచే వరసలో నువ్వు నాలుగో వాడివి."

"ఎట్లొచ్చినావు మామా?"

"సంచిలో కాగితం తీసి రైల్లో అందరికీ చూపిస్తి. ఒకాయన ఈడిదాకా వచ్చి దింపిపాయ." మామ టవలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీకు రైలు గురించి శానా తెలుసు కదప్పా, అందుకే ఎక్కల్యా. నాకేం తెల్దు, ఎక్కి కూసుంటి."

ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ రోజూ ఆ రైల్లోనే పోతాను. ఎక్కేముందు ఒక్కసారి ముందుకు తొంగి చూడటం మాత్రం పోలేదు. మొదటి సెలవుకే గ్రంథాలయానికి పోయి ఆ పుస్తకం మళ్లీ తీశాను. నలభై రెండు తర్వాత పేజీలు లేవు. విషయసూచికలో ఆ చోట 'కరెంటు రైళ్లు' అని ఉంది.

కాబట్టి టవలు మామకు, సికింద్రాబాదు టీ అన్నకు, పేరు అడగడం మామ మరిచిపోయిన ఆ రైలు పెద్దమనిషికి, నన్ను ఎన్నడూ బయటికి పొమ్మనని మా లైబ్రరీ సారుకు నా నమస్కారాలు. ఆ పేజీలు చించుకుపోయిన పాఠకునికి కూడా. అవి ఇంకా మీ ఇంట్లో ఉంటే ఒకసారి ఇవ్వండి, చదివి తిరిగిస్తాను. ఇన్నేళ్లుగా ఎక్కుతున్నాను గానీ, అది ఎట్లా కదులుతుందో నాకింకా సరిగ్గా తెలియదు.