ఒక్క ముఖం ఫ్లెక్సీ

గవర్నర్‌పేటలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో నేను డిజైనర్ని. పేరుకే డిజైనర్ని, చేసేది ఫోటోలు మార్చే పని. పుట్టినరోజుకొకటి, ఓణీల ఫంక్షనుకొకటి, గృహప్రవేశానికొకటి, చావుకొకటి కంప్యూటర్లో ముందే తయారుగా ఉంటాయి. వచ్చినవాళ్ళ ఫోటో అందులో పెట్టి, పేరు కొట్టి, మిషన్‌కి పంపిస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో ఎవరు పోయారో చుట్టాలకంటే ముందు నాకే తెలిసిన రోజులున్నాయి.

ఫ్లెక్సీకి మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ఎక్కడా రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు. బతికున్న మనిషికి వేస్తే ఆయన పైన పెద్దగా ఉంటాడు, కింద వరసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ తలకాయలుంటాయి. ఒక్క తలకాయ తగ్గినా షాపు మీదికి గొడవకొస్తారు. అలా కాకుండా తెల్లటి మబ్బుల మీద ఒక్క ముఖమే ఉందంటే ఆ మనిషి పోయినట్టు. కింద ఏం రాశారో బండి మీద పోయేవాడు చదవడు. చదవాల్సిన అవసరమూ లేదు.

ఆ మధ్య ఊళ్ళోకి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది. క్రికెట్ కాకుండా ఇంకో ఆట ఆడతానంటే, ఏమైంది వీడికి అన్నట్టు చూసే ఊరు మాది. అందుకని ముందు జనాన్ని మంచి చేసుకోవాలని వాళ్ళ ఆలోచన. ఆటోల వెనక స్టిక్కర్లు అతికించారు, మైకు తిప్పారు, కాలేజీల ముందు టీషర్టులు పంచారు. పటమట రైతు బజారు దగ్గర మజ్జిగ పోశారు. తాగినవాళ్ళు మూతి తుడుచుకుని, ఇది ఏ పార్టీ అని అడిగి వెళ్ళిపోయారట.

అప్పుడు బెంగళూరు నుంచి ప్రచారం చూసుకునే మనిషి ఒకాయన దిగాడు. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడినవాళ్ళ, ఆడించినవాళ్ళ ముఖాలతో ఫ్లెక్సీలు వేస్తే, ఇది మన జట్టే అని జనం అనుకుంటారని ఆయన ప్లాను. మా షాపుకొచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పెన్‌డ్రైవులో మొదటి ఫోటో మా నాన్నది.

నాన్న మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా పిల్లల చేత ఫుట్‌బాలే ఆడించారు. క్లబ్బు వాళ్ళు ఇంటికి రావడం, ఆయన ఫోటో ఇవ్వడం నాకు తెలియదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి పటమట ఇంట్లో మేమిద్దరమే. అన్నం పెట్టనా, వద్దు, మోటారు కట్టేశావా, కట్టేశాను. రోజుకి అంతే మా మాటలు. ఫోటో ఇచ్చానని చెప్పేంత మాట మా మధ్య లేదు.

అది రిటైరైన ఏడాది తీసిన ఫోటో, మెడలో విజిలుతో. ఆయన మా నాన్న అని నేను చెప్పలేదు, బెంగళూరు మనిషి అడగలేదు. రంగులు తీసేయమన్నాడు. వెనకంతా తెల్లగా, ఆకాశంలా ఉండాలన్నాడు. ఫ్లెక్సీకి ఒక్క ముఖమే ఉండాలన్నాడు. క్లబ్బు పేరూ, ఆదివారం మ్యాచ్ సంగతీ కింద చిన్న అక్షరాల్లో చాలన్నాడు.

అయ్యా, ఇలా వేస్తే చావు ఫ్లెక్సీ అవుతుందని అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. అప్పట్లో నాకు ఏ పనైనా అయిపోతే చాలనిపించేది. పైగా మీ ఊళ్ళో ఫ్లెక్సీలకి అందం చందం లేదని ఆ మనిషి నాలుగోసారి అన్నప్పుడు ఒళ్ళు మండింది. పడతావులే అనుకున్నాను. ఎదురుగా ఉన్నది మా నాన్న ముఖమని తెలిసే అనుకున్నాను. మబ్బులు కూడా కొత్తగా చెయ్యలేదు, మా క్రైస్తవులకి వేసే చావు ఫ్లెక్సీలోంచి తీసి పెట్టాను. అందులో ఉండే రెండు పావురాల్ని మాత్రం చెరిపేశాను.

గురువారం తెల్లారేసరికి మా సెంటర్లో కరెంటు స్తంభానికి కట్టేశారు. దాన్నెవరో ఫోటో తీసి నాన్న పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పది గంటలకి మా గేటు ముందు కారాగింది. హనుమాన్ జంక్షన్లో టైర్ల షాపున్న ఒకాయన, నాన్న దగ్గర గోల్‌కీపర్‌గా ఆడినవాడు, ఇంకో ఇద్దరితో దిగాడు. చేతిలో మోయలేనంత చామంతి దండ. నాన్న లుంగీతోనే, చేతిలో పేపరు పట్టుకుని వెళ్ళి గేటు తీశారు.

టైర్ల షాపాయన దండతో గేటు దగ్గరే ఆగిపోయాడు. నాన్న కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశారు.

"గోల్‌కీపర్‌వి కదరా నువ్వు. ఎడమ పక్కకి దూకమంటే ఏడ్చేవాడివి."

ఆయన ఆ దండతోనే నాన్న కాళ్ళ మీద పడి గట్టిగా ఏడ్చేశాడు. సంగతి తెలిశాక నాన్న దండ పారేయనివ్వలేదు. ఎలాగూ తెచ్చావు కదా, వెయ్యి అని మెడ వంచారు. సాయంత్రం దాకా మనుషులు వస్తూనే ఉన్నారు. అవనిగడ్డ నుంచి, గుడివాడ నుంచి, ఒకరైతే బ్యాంకులో సెలవు పెట్టి మరీ వచ్చారు. ఏడుపు ముఖాలతో దిగి, నాన్నని చూసి నవ్వి, టీ తాగి, పాత మ్యాచులు తవ్వుకున్నారు. నాన్న దండ తియ్యకుండానే కూర్చుని ఒక్కొక్కడి ఆట ఎక్కడ చెడిందో చెప్పారు. అమ్మ పోయిన రెండేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నేను టీలు కలుపుతున్నాను. సంతోషించాల్సిన రోజని తెలుస్తూనే ఉంది, లోపల మాత్రం ఏ కదలికా లేదు.

వెళ్ళేవాళ్ళందరికీ నాన్న ఒకటే చెప్పారు, ఆదివారం మ్యాచ్‌కి రమ్మని. అందరూ తప్పకుండా వస్తామన్నారు. ఆయన క్లబ్బు వాళ్ళకి ఫోన్ చేసి, మా పిల్లలు వస్తున్నారు, నలభై కుర్చీలు ఉంచండి అని అడిగారు. బెంగళూరు మనిషి పొంగిపోయాడు. ఆయన ప్రచారం పనిచేసిందన్నమాట.

ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, విజిలు జేబులో పెట్టుకుని, గంట ముందే గ్రౌండులో కూర్చున్నారు. తెల్ల గుడ్డలు కట్టిన నలభై కుర్చీల మధ్య ఆయన, పక్కన నేను. టైర్ల షాపాయన లోడొచ్చిందని ఫోన్ చేశాడు. బ్యాంకాయన అత్తగారి ఊళ్ళో ఉన్నాడు. ఇద్దరొచ్చి, నాన్నతో ఫోటో దిగి, మొదటి సగం అవకముందే లేచారు. మిగిలినవాళ్ళు ఫోనన్నా చెయ్యలేదు. మా జట్టు గెలిచిందో ఓడిందో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

లేచేటప్పుడు నాన్న ఖాళీ కుర్చీల వైపు ఒకసారి చూశారు.

"చస్తేనే వస్తార్రా మనవాళ్ళు," అన్నారు. కోపంగా కాదు. కుర్చీ మీద జారిన తెల్ల గుడ్డ సర్ది, "పోనీలే. అప్పుడైనా వస్తారు," అన్నారు.

నేను బండి స్టార్ట్ చేశాను.

ఆ సీజను అయ్యాక క్లబ్బు వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. సెంటర్లో నాన్న ఎండకి వెలిసి, వానకి తడిసి, చివరికి ఒక మూల చిరిగి వేలాడారు. పాలకి వెళ్ళినప్పుడు తలెత్తి చూసుకునేవారు. తీసేయించనా అంటే, ఉండనీ, అదేం అన్నం అడుగుతోందా అన్నారు.

మొన్న ఎండల్లో, ఒక పొద్దున్న ఆయన నిద్ర లేవలేదు. పాస్టరుగారికి చెప్పాను, చుట్టాలకి చెప్పాను. తర్వాత షాపుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఓనరు, నేను చేస్తాలే, నువ్వు ఇంటికెళ్ళు అన్నాడు. వినలేదు. నా దగ్గర ఆయన మంచి ఫోటో అదొక్కటే. మబ్బులు అవే. పావురాల్ని తిరిగి పెట్టాను. క్లబ్బు పేరున్న చోట పరలోక పిలుపు అనీ, సమాధి కార్యక్రమం వేళా రాసి, అదే స్తంభానికి, పాతది ఊడదీసి కట్టించాను. స్టూడెంట్లకి ఫోన్లు చెయ్యాలి. నాన్న ఫోనులో నంబర్లన్నీ ఉన్నాయి. ఫ్లెక్సీ వేశాను కదా, అదే చెబుతుందిలే అనుకున్నాను. కిందటిసారి చెప్పింది కదా.

షామియానా అతనితో నలభై కుర్చీలు విడిగా వేయించాను. చర్చి వాళ్ళు, చుట్టాలు, వీధివాళ్ళు వచ్చి ముందున్న కుర్చీల్లో కూర్చున్నారు. ఆ నలభై అలాగే ఉండిపోయాయి. సమాధుల తోటకి బయల్దేరదామని పాస్టరుగారు రెండుసార్లన్నారు, ఇంకో పావుగంట చూద్దామండీ అన్నాను. ఎవరికోసమని ఆయన అడగలేదు. చివరికి బయల్దేరాం. నాకు కన్నీళ్ళు రాలేదు. రాని ఆ స్టూడెంట్లని వదిలిపెట్టకూడదని పళ్ళు కొరుక్కున్నాను, అది కూడా గేటు దాటేదాకానే.

మూడో రోజు టైర్ల షాపాయన ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మాస్టారి ఫ్లెక్సీ మళ్ళీ కట్టారంటగా? గ్రూపులో ఎవడో పెట్టి అందర్నీ కంగారు పెట్టబోయాడు. నేనే చెప్పాను, కిందటిసారి దండ మోసుకెళ్ళి పరువు పోగొట్టుకున్నాం, ఇది ఆ ఫుట్‌బాల్ వాళ్ళదేరా, ఊరుకోండి అని. ఇంతకీ మ్యాచ్ ఎప్పుడు? ఈసారి లోడొచ్చినా సరే, అందరం వచ్చేస్తాం. మాస్టారికి నా మాటగా చెప్పు."

ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. తిట్టడానికి నోరు తెరిచాను. తప్పు ఆయనదెలా అవుతుంది? ఊళ్ళో ఒక్క ముఖం ఫ్లెక్సీ అంటే ఏమిటో తెలిసి కూడా దాన్ని ఆటకి వాడనిచ్చింది నేను.

"చెప్తానన్నా," అన్నాను.

ఆ సాయంత్రం సమాధుల తోటకి వెళ్ళి, వాళ్ళందరూ ఈసారి తప్పకుండా వస్తామన్నారని నాన్నకి చెప్పాను. నెల దాటింది. వాళ్ళకి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.