కూలికి ఆడిన దొర

మలాయి దేశంలో, సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో నేను పెద్దదొర బంగళాకి వంటవాణ్ణి. మా అయ్య అదే తోటలో చెట్లకి గాటు పెట్టి, పాలు తీసి తీసి నడుం వంగిపోయినవాడు. ఆయనకి ఒక్కటే పట్టింపు: తాను ఊరు వదిలి ఓడెక్కింది కూలికి కాదట. "నాను మా మావని సూడ్డానికి వచ్చినాను. ఊరు బాగుందని ఉండిపోనాను," అనేవాడు. ఆ మావని మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. కూలీల లైన్ ఇళ్లలో ఆడవాళ్లు ఆటపట్టిస్తే ఒంటికాలి మీద లేచేవాడు.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ యంత్రాలు చూసుకోడానికి చిన్నదొర వచ్చాడు. న్యూజిలాండు మనిషి. శనివారం సాయంత్రాలు దొరలు క్లబ్బు ముందున్న పడాంగ్ మైదానంలో రగ్బీ ఆడేవారు. టీ సామాను మోసుకెళ్లి నేనూ చూసేవాణ్ణి. కోడిగుడ్డులాంటి ఆ బంతిని చంకలో ఇరికించుకుని చిన్నదొర పరిగెడితే, మీద పడ్డవాళ్లు పడ్డట్టే జారిపోయేవారు. అబ్బ, ఏం పరుగది! నేను పాలు మరగపెట్టిన సంగతి కూడా మరిచిపోయేవాణ్ణి.

పక్క జిల్లా జట్టుతో పోటీ వారంలో ఉందనగా, పెద్దదొర ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. ఉత్తర ఇంగ్లండు నుంచి కొత్తగా దిగిన ఒకాయన చిన్నదొరని గుర్తుపట్టాడట. ఆ గొడవేమిటో చిన్నదొరే తర్వాత నాకు మలాయి భాషలో చెప్పాడు. అక్కడి బొగ్గుగనుల ఊళ్లలో, మిల్లుల ఊళ్లలో ఆటగాళ్లంతా పనివాళ్లు. ఆటకి వస్తే పోయే కూలి ఎవరిస్తారని అడిగారు. ఆటకి డబ్బేమిటని ఆట నడిపే పెద్దమనుషులు ఈసడించారు. పెద్దమనుషులట! దాంతో ఆ ఊళ్లు వేరు కుంపటి పెట్టుకుని, డబ్బిచ్చి ఆడించడం మొదలుపెట్టాయి. న్యూజిలాండు నుంచి, ఆస్ట్రేలియా నుంచి కూడా గట్టివాళ్లని పిలిపించుకున్నాయి. పెద్ద యుద్ధానికి ముందు అలా ఓడెక్కి వెళ్లినవాళ్లలో చిన్నదొర ఒకడు. ఆ డబ్బు ముట్టినవాణ్ణి ఇక జన్మలో తమ ఆటలోకి రానివ్వకూడదని పెద్దమనుషుల నియమం.

పెద్దదొర అతన్ని వరండాలో కూర్చోబెట్టాడు. నేను టీ పోస్తున్నాను.

"అక్కడ ఆడింది నువ్వు కాదు, మీ అన్న అని ఒక్క మాట చెప్పు. మిగతాది నేను సర్దుతాను. లేకపోతే ఆటా ఉండదు, క్లబ్బులో చోటూ ఉండదు," అన్నాడు.

ఈ అడవిలో ఒంటరి తెల్లవాడికి క్లబ్బు తప్ప ఇంకేముంది? చెప్పెయ్యవయ్యా బాబూ అనుకున్నాను లోపల. చిన్నదొర నీళ్లు నమలలేదు.

"ఆడింది నేనే. కూలి తీసుకున్నాను. దానికోసమే సముద్రం దాటాను. ఇందులో దాచుకోవాల్సిందేముంది?"

ఇంటికి పరుగెత్తుకొచ్చి అయ్యకి చెప్పాను.

"కూలి అన్నాడా? ఆ మాటే అన్నాడేట్రా? దొర నోటితోనా?" అని అయ్య మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

పోటీనాడు చిన్నదొర మైదానం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల, మాతో పాటు నిలబడ్డాడు. క్లబ్బువాళ్లు చూసీ చూడనట్టు పోయారు. అయినా తనని వెలేసిన ఆ జట్టుకే గొంతు పోయేలా కేకలేశాడు. ఎప్పుడూ ఆటకి రాని అయ్య ఆ రోజు వచ్చి, ఆట చూడ్డం మానేసి అతన్నే చూస్తున్నాడు. మా పక్కింటావిడ ఊరుకుంటుందా?

"ఏటి తాతా, మీ మావ రానేదా ఆట సూడ్డానికి?"

అందరూ గొల్లుమన్నారు. అయ్య ఈసారి కోప్పడలేదు.

"మావా లేడు, గీవా లేడు. నాను కూలికే వచ్చినాను. పని సేసినాను, కూలి తీసుకున్నాను. ఎవుడి సొమ్మూ తిన్లేదు."

ఒక్కరూ నవ్వలేదు. ముసలాయన ఏమన్నాడని చిన్నదొర నన్ను అడిగాడు. చెప్పాను. అతను చెయ్యి చాచాడు. అయ్య తన చేతిని పంచెకి తుడుచుకుని, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ, కొత్తవాళ్లెవరు కనిపించినా, అడిగినా అడక్కపోయినా, తాను కూలికి వచ్చినవాణ్ణని అయ్య తనే ముందుగా చెప్పేవాడు.