గురువంటే పడని సమురాయ్

దబీర్‌పురా స్టేషన్‌లో లోకల్ రైలు కోసం ఎదురుచూస్తూ, ఫోన్‌లో ఒక జపాన్ బొమ్మల కథ చదువుతున్నాను. అందులో ఒక సమురాయ్ తన గురువును చంపినవాడి కోసం కత్తి పట్టుకుని ఊరూరా వెతుకుతుంటాడు. నిజానికి ఆ గురువంటే అతనికి అసలు పడదు. మరి పగ దేనికో నాకు అంతుబట్టలేదు.

పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోన్‌లోకి తొంగిచూసింది. "ఏంది బిడ్డా, గా కత్తి పట్టుకున్నోడెవరు?"

కథంతా చెప్పాను. గురువంటే పడదన్న మాట దగ్గర ఆమె ఫోన్ వదిలి నా వైపు తిరిగింది.

"మా అన్నకూ నాకూ మాటలు లేకుండె. ఇంటి జాగ మీద మస్తు లొల్లి. ఆయనను ఎవడో కొట్టి చంపిండు. మా వదిన గూడ కేసు ఇడిచిపెట్టింది. నేనే కోర్టుకు తిరుగుతున్న."

"మీకెందుకమ్మా మరి?"

"ఆయనతోని నా కొట్లాట ఇంకా ఒడువలే బిడ్డా. నడిమిట్ల ఆయనను తీస్కపోనీకె వాడెవడు?"

రైలు వచ్చింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఆడవాళ్ల పెట్టె ఎక్కింది.

కొన్నాళ్లకు ఆ కథ చివరి భాగం వచ్చింది. పగ తీర్చుకున్న సమురాయ్ గురువు సమాధి ముందు కూర్చుని, పొద్దుగూకేదాకా ఆయననే తిడతాడు. ముగింపు అర్థం కాలేదని చాలామంది కింద కామెంట్లలో రాశారు. నేను మాత్రం ఆ పేజీ మళ్లీ చదివాను.