దాదా రాసిన ఎనిమిది

ఒక మనిషిని ఒకే పూట రెండుసార్లు చంపిన ఘనత ఖరగ్‌పూర్‌లో నాకొక్కడికే దక్కింది. నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన ఏడాది అది. ఊళ్లోకి తెలుగు సినిమా ఎప్పుడో ఒక ఆదివారం పొద్దుటి ఆటకి వచ్చేది. హాల్లో మిషను ఆడించే బెంగాలీ దాదాతో స్నేహం చేసి, రీలు ఎక్కించడం నేర్చుకున్నాను. నేర్చుకున్నవాణ్ణి ఊరుకోవచ్చుగా? పూరీ గేట్ దగ్గరుండే మా మేనమామ ఇంటికి వెళ్లి, ఈ ఆదివారం బొమ్మ ఆడించేది నేనేనని కోతలు కోసేశాను. ఆయన కూతుర్ని నాకివ్వాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన జరుగుతున్న రోజులు మరి. మామ, అత్త, ఆ పిల్ల ముగ్గురూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

ఏడో రీలు. కథానాయిక తండ్రి మంచంమీద ప్రాణం వదులుతున్నాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. తన తమ్ముడు వెళ్లే బండి స్టేషన్లో ఆగుతుందనీ, ఒకసారి చూసి వచ్చేస్తాననీ దాదా చెప్పులు వేసుకున్నాడు.

"ఇస్‌కే బాద్ ఆఠ్, ఫిర్ నౌ. నంబర్ సమఝ్‌తా హై?"

ఎనిమిది, తరవాత తొమ్మిది. రీలు డబ్బాల మూతలమీద సుద్దతో రాసే ఉన్నాయి. ఆమాత్రం అంకెలు రావా నాకని రోషపడి, ఠీక్ హై, వెళ్లమన్నాను.

ఎనిమిది వెతికి ఎక్కించాను. పోయినాయన పీటమీద కూర్చుని, వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని కూతుర్ని కసురుతున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఈయనకి ఆకలి కూడా చారెడే. పిల్ల పాత సంగతులు తలుచుకుంటోందని ఎవరో పెద్దావిడ పక్కవాళ్లకి సర్దిచెప్పింది. జనం నమ్మి ఇంకాస్త ఏడ్చారు. నాకూ ధైర్యం వచ్చి తొమ్మిది ఎక్కించాను.

ఆయన మళ్లీ మంచమెక్కి మళ్లీ చచ్చిపోయాడు. ఈసారి హాలు ఘొల్లుమంది, ఏడుపుతో కాదు.

పరుగున వచ్చిన దాదా మూతలు చూసి తల పట్టుకున్నాడు. ఆయన రాసుకున్నవి బెంగాలీ అంకెలు. వాళ్ల నాలుగు అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది, వాళ్ల ఏడు తొమ్మిదిలా ఉంటుంది. అయిపోయిన రీళ్లనే మళ్లీ ఆడించాను. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కున్నది దాదా. మేనేజరు తిట్లన్నీ తల వంచుకుని పడ్డాడు గాని, నా పేరెత్తలేదు. పక్కనే నిలబడి నేనూ ఎత్తలేదు. సిగ్గుపడాల్సింది అంకెలకి కాదు, అందుకు.

బయట మామ ఒక్కడే నాకోసం ఆగాడు. కోపం లేదు, నెమ్మదిగానే అడిగాడు.

"ఏటిరా, ఆ పిల్ల బాబుని రెండుసార్లు సంపినావు. మా పిల్లని నీకిత్తే, నానెన్నిసార్లు సావాల?"

నిలబడ్డచోటే ఒట్టు పెట్టుకున్నాను: ముగ్గురు బెంగాలీలు సాక్ష్యం చెబితే తప్ప ఎనిమిదిని ఎనిమిదని నమ్మననీ, ఆడపిల్ల తండ్రినెవరినీ తెరమీదైనా సరే రెండోసారి చావనివ్వననీ.