అడిగి పెట్టిన చెయ్యి

మల్లాపూర్ గల్లీలో తప్పిపోయి ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని, మీ ఇల్లెక్కడని అడుగుతున్నాను. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని జనం నా మీద పడ్డారు. నువ్వెవరివని ఒక్కరూ అడగలేదు. పిల్ల తల్లి పరుగెత్తుకొచ్చి అడ్డం పడ్డాకే వదిలారు.

తల పగిలిన నన్ను ఎవరో ఆటోలో ఉప్పల్ దవాఖానాకు చేర్చారు. ఎమర్జెన్సీలో ఎవరు దగ్గరికొచ్చినా చేతులు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాను.

అప్పుడొచ్చింది ఆ సిస్టర్. గ్లౌజులు వేసుకున్న రెండు చేతులూ నా కళ్ల ముందు తెరిచి చూపించింది.

"నెత్తి మీద చెయ్యి పెట్టనా, అన్నా?"

వద్దన్నాను. ఆమె చేతులు అలాగే గాలిలో ఉంచి నిలబడింది. వెనక నుంచి డాక్టరు, "కుట్లు వెయ్యాలి సిస్టర్, కానియ్యండి" అన్నాడు.

"జర ఆగుండ్రి సార్. అన్న ఇంకా సరే అనలే."

తల ఊపాను.

"ఊపకు, దెబ్బ తగిలింది. నోటితోని చెప్పు."

"పెట్టమ్మా" అన్నాను. ఆ మాటతో నా ఒళ్లు మళ్లీ నాదైంది.

కుట్లు విప్పించుకునే రోజు, నాచారంలో డ్యూటీ దిగి బస్సెక్కాను. ఆమెకు ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్లాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. అయినా అలాగే రెండు చేతులూ తెరిచి చూపించింది.

"పెట్టనా, అన్నా?"

చెప్పాలనుకున్నదంతా మరిచి ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఆమె చేతులు గాలిలోనే ఉంచి, నేను చెప్పేదాకా నిలబడింది.